దస్తావేజు చెప్పని నేల: దివిసీమ నల్లరేగడి – ఒప్పంద బాధ్యత

మోపిదేవి పరిసరాలలో ఇంటిస్థలపు క్రయ దస్తావేజు సాధారణంగా హద్దులను, విస్తీర్ణాన్ని పేర్కొంటుంది. పునాదిని మోయవలసిన నేల స్వభావాన్ని చెప్పదు. వానకు ఉబ్బి, వేసవిలో నెర్రెలు విచ్చే నల్లరేగడిలో ఇది చిన్న లోటు కాదు.

1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేనప్పుడు, తనకు తెలిసి కొనుగోలుదారుకు తెలియని, సాధారణ జాగ్రత్తతో కనిపెట్టలేని ముఖ్యలోపాన్ని విక్రేత వెల్లడించాలి, వెల్లడించకపోవడం మోసపూరితమే. నెర్రెలు కంటికి కనిపించేవే కనుక రేగడి గుణం ఈ రక్షణ కిందికి రావడం కష్టం. పూడ్చి మెరక చేసిన చేపల చెరువు సంగతి వేరు. పైన చదునైన మట్టి, అడుగున మెత్తని బురద. ఈ సెక్షన్‌కు అసలు పరీక్ష ఇక్కడేనని నా అభిప్రాయం.

నిర్మాణ ఒప్పందంలో చిక్కు మరొకటి. చదరపు అడుగుకు ఇంత అని మేస్త్రీతో కుదుర్చుకున్నాక, తవ్వకంలో మెత్తని నేల బయటపడితే అదనపు ఖర్చు ఎవరిది? పని భారమైనంత మాత్రాన 1872 నాటి కాంట్రాక్టు చట్టం 56వ సెక్షన్ విముక్తినివ్వదు. భారీ పనులకు వాడే ఫిడిక్ రెడ్ బుక్ (1999) 4.12 క్లాజు, అనుభవజ్ఞుడైన కాంట్రాక్టరు సైతం ఊహించలేని భౌతిక స్థితి ఎదురైనప్పుడు, నోటీసు ఇచ్చిన మీదట, అదనపు గడువును, ఖర్చును అనుమతిస్తుంది. అయితే డెల్టాలో రేగడిని ఊహించలేదని ఏ కాంట్రాక్టరు అనగలడు? భూపరీక్ష నివేదికను ఒప్పందానికి జతపరచి, నేల దానికి భిన్నంగా పడితే ఖర్చు ఎవరు భరించాలో ముందే రాసుకుంటేనే ఈ ప్రశ్న తెగుతుంది.