ఆ చొక్కాకి ఇంకా ఆయుష్షుంది!

ఆక్స్‌ఫర్డ్ నగరం, బ్రాడ్ స్ట్రీట్, 17వ నంబరు. అక్కడ ఓ చిన్న కొట్టు ఉంది. ఎవరెవరో ఇచ్చిన చొక్కాలూ పుస్తకాలూ పింగాణీ కప్పులూ అందులో అమ్ముతారు. లాభం పేదల కోసం ఖర్చుపెడతారు. రెండో ప్రపంచ యుద్ధంలో చితికిపోయిన గ్రీసు ప్రజలకు బట్టలివ్వండని ఆక్స్‌ఫామ్ సంస్థ అడిగితే, అవసరానికి మించి వచ్చి పడ్డాయి. మిగిలినవి అమ్మి సొమ్ము చేద్దామని 1940ల చివర్లో తెరిచిన కొట్టు అది. 1949లో ఆ సంస్థలో చేరిన జో మిట్టీ అక్కడ జీతం తీసుకున్న తొలి ఉద్యోగి. జనం ఏమిస్తే అది అమ్మిపెట్టేవాడాయన, బతికున్న గాడిదతో సహా! ఇప్పుడు బ్రిటన్‌లో ఇలాంటి ఛారిటీ షాపులు పదివేలకు పైనే.

ఆకలి తీర్చడానికి పుట్టిన ఈ కొట్లు భూమికీ మేలు చేస్తున్నాయి. ఒక్క కాటన్ టీషర్టు తయారు కావాలంటే దాదాపు 2,700 లీటర్ల నీళ్లు కావాలని అంచనా. అందులో ఎక్కువ భాగం పత్తి చేను తాగేదే. ఆ పంట వెనకున్న నీళ్లూ ఎరువులూ పురుగుమందులూ ఎంతో ఆదిలాబాద్, గుంటూరు రైతులకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆపైన నూలు, అద్దకం, రవాణా. ఇంత ఖర్చుతో మన బీరువాలోకి వచ్చిన చొక్కాని నాలుగుసార్లు తొడిగి అటకెక్కిస్తున్నాం. బట్టల్ని మరో తొమ్మిది నెలలు వాడితే చాలు, కర్బన ఉద్గారాలూ నీటి వాడకమూ చెత్తా 20 నుంచి 30 శాతం దాకా తగ్గుతాయని బ్రిటన్‌లోని ర్యాప్ సంస్థ లెక్కగట్టింది. పాత బట్టని కరిగించో పీకో కొత్త బట్టగా మార్చడం మాటల్లో చెప్పినంత తేలిక కాదు. ప్రపంచంలో అలా మారుతున్నది ఒక శాతం కూడా లేదు. ఉన్నదాన్ని ఉన్నట్టుగా మరొకరు తొడుక్కోవడమే అన్నిటికన్నా మంచి దారి.

వెనక గదిలో అసలు పని

షాపు ముందు భాగం అందరికీ కనిపిస్తుంది. పర్యావరణానికి మేలు జరిగేది మాత్రం వెనక గదిలో. వాలంటీర్లు సంచి విప్పి ఒక్కో బట్టనీ వెలుతురులో పట్టి చూస్తారు. కాలరు మాసిందా, చంకల్లో మరక ఉందా, జిప్పు పడుతోందా, జేబులో ఏమైనా మిగిలిందా... అన్నీ చూశాక పనికొచ్చేదాన్ని ఆవిరితో ముడతలు తీసి, హ్యాంగరుకి తగిలించి ధర చీటీ కడతారు. ఇచ్చినవారు బ్రిటన్‌లో పన్ను కట్టేవారై, 'గిఫ్ట్ ఎయిడ్' అనే పథకానికి ఒప్పుకుంటే, వారి వస్తువుల అమ్మకంలో ప్రతి పౌండుకీ ప్రభుత్వం నుంచి మరో 25 పెన్నీలు ఛారిటీకి చేరతాయి.

షాపులో అమ్ముడుపోనివాటి కోసం 1974లోనే యార్క్‌షైర్‌లో 'వేస్ట్‌సేవర్' పెట్టింది ఆక్స్‌ఫామ్. అక్కడ మరోసారి వేరుచేస్తారు. తొడుక్కోడానికి బొత్తిగా పనికిరానివి పరుపుల్లో కూరడానికి వెళ్తాయి. మన దగ్గరి నుంచి బ్రిటన్‌కి చదువుకోడానికి వెళ్లిన పిల్లలకూ ఈ షాపులు పెద్ద ఆసరా. చలికోటు కొత్తది కొనాలంటే గుండె గుభేల్‌మంటుంది మరి!

అయితే, ఏదిపడితే అది సంచిలో కుక్కి పంపేస్తే పుణ్యం రాదు. నాసిరకం బట్టలు దేశాలు దాటి ఘనాలోని కంటమాంటో మార్కెట్‌కి చేరి, అమ్ముడుపోక అక్కడి మురుగుకాల్వల్నీ సముద్రతీరాన్నీ ముంచెత్తుతున్నాయి. చిలీలోని అటకామా ఎడారిలో బట్టల గుట్టలే పేరుకున్నాయి. చవగ్గా వస్తోందని అవసరం లేకున్నా కొన్నా, ఇచ్చేశాం కదా అని మళ్లీ కొత్తవి తెచ్చుకున్నా పర్యావరణానికి ఒరిగేదేమీ లేదు. కొత్తది కొనాల్సిన చోట పాతది కొన్నప్పుడే అసలు లాభం.

మనకీ ఇది కొత్త కాదు. పాత చీరలిచ్చి స్టీలు గిన్నెలు తీసుకున్న ఇళ్లే మనవి. 1999లో అన్షు గుప్తా మొదలుపెట్టిన గూంజ్ సంస్థ ఊళ్లో బావి తవ్వినవారికీ బాట వేసినవారికీ ఆ కష్టానికి ప్రతిఫలంగా నగరాల్లో సేకరించిన బట్టలిస్తోంది. తీసుకునేవారి గౌరవాన్ని కాపాడే ఈ పద్ధతి ఎంతైనా మెచ్చుకోదగ్గది. ఆయనకు 2015లో మెగసెసే పురస్కారం దక్కింది.

మన అపార్ట్‌మెంట్‌లో ఖాళీగా ఉన్న ఒక గది, వారానికో పూట కూర్చునే నలుగురు చాలు, ఇలాంటి కొట్టు పెట్టడానికి. సంక్రాంతికి ఇల్లు సర్దేటప్పుడు బట్టలు తీసి పెట్టండి. ఇచ్చేముందు ఉతకండి, ఊడిన గుండీ కుట్టండి. మీరు తొడుక్కోడానికి సిగ్గుపడేది ఇంకెవరికీ ఇవ్వకండి.