రూలు తెలిసినవాళ్ల సాహసం

సాహసగాథ అనగానే మనకు యుద్ధభూమే కళ్లముందు మెదులుతుంది. కాన్సులేట్‌లో వీసాలు రాసే బల్ల దగ్గర సాహసమేమిటని ఎవరికైనా అనిపిస్తుంది. ఆ బల్ల దగ్గర సామాన్యుడికి అలవాటైన జవాబు ఒక్కటే: ‘రూలు ఒప్పుకోదండీ’. 1940 వేసవిలో లిథువేనియాలోని కౌనస్‌లో ఇద్దరు చిన్నస్థాయి దౌత్యాధికారులు అదే రూలు పుస్తకాన్ని పట్టుకుని వేలమందికి దారి చూపించారు. ఒకరు జపాన్ వైస్ కాన్సుల్ చియునె సుగిహారా. ఇంకొకరు ఫిలిప్స్ కంపెనీ వ్యాపారం చూసుకుంటూ డచ్ కాన్సుల్ బాధ్యతలు కొత్తగా నెత్తిన వేసుకున్న యాన్ జ్వార్టెండైక్. సుగిహారాను ఒంటరి వీరుడిగా నిలబెట్టే కథ లోకమంతటికీ తెలుసు. వాస్తవం అంతకన్నా ఆసక్తికరమైనది: అక్కడ పనిచేసింది ఒక్కరి తెగువ కాదు, రూళ్లలోని సందులు తెలిసిన నలుగురైదుగురి దయ.

పోలెండ్‌ను జర్మనీ, సోవియట్ యూనియన్ పంచుకున్నాక ప్రాణాలు అరచేత పట్టుకుని వచ్చిన యూదులతో కౌనస్, విల్నియస్ నిండిపోయాయి. 1940 జూన్‌లో సోవియట్ సేనలు లిథువేనియాలోకీ దిగాయి. పడమటి దిక్కంతా హిట్లర్‌ది. మిగిలింది తూర్పు: సైబీరియా రైలెక్కి వ్లాదివొస్తోక్, అక్కడినుంచి ఓడలో జపాన్. జపాన్ గుండా వెళ్లాలంటే ఆ తర్వాత ఏ దేశానికి పోతారో చూపించాలి. ఆ చిక్కుముడి విప్పింది రీగాలోని డచ్ రాయబారి డి డెకర్. కరీబియన్ సముద్రంలోని డచ్ దీవి కురసావ్‌కు వీసా అక్కర్లేదు, గవర్నర్ అనుమతి ఉంటే చాలు. ఆయన మొదటి ముక్క రాసి, రెండో ముక్క వదిలేశాడు. రాసినదాంట్లో అబద్ధం లేదు, నిజం మాత్రం సగమే. జ్వార్టెండైక్ అదే వాక్యాన్ని రోజుల వ్యవధిలో రెండువేలకు పైగా కాగితాలమీద దింపాడు. ఆ కాగితం చూసి సుగిహారా జపాన్ ట్రాన్సిట్ వీసా రాశాడు. ఆయన జాబితాలోనే 2,100కు పైగా పేర్లున్నాయి; ఒక్కో వీసా మీద ఇంటిల్లిపాదీ ప్రయాణించిన సందర్భాలు అనేకం. 1941లో కొత్త ఆంక్షలు పెట్టి ఈ వీసాలవాళ్లను ఆపాలని టోక్యో చూసినప్పుడు, వ్లాదివొస్తోక్‌లోని జపాన్ అధికారి నెయి సబురొ అభ్యంతరం చెప్పాడు. మన కాన్సులేట్ ఇచ్చిన వీసాను మనమే కాదంటే దేశం మాటకు విలువేముంటుందన్నది ఆయన వాదం. దయ అన్న మాట ఎత్తకుండానే దయ చూపించడం ఎలాగో ఆయనకు తెలుసు!

దీనికి గట్టి అభ్యంతరమే ఉంది. ప్రతి ఉద్యోగీ తన మనస్సాక్షి ప్రకారం రూలును వంచుతూ పోతే పాలన ఏం కావాలి? ఇవాళ దయతో వంచేవాడు రేపు లంచానికీ వంచడా? ప్రశ్న న్యాయమైనదే. కానీ లంచగొండి చేసే పనికి, వీళ్లు చేసినదానికి మధ్య గీత స్పష్టంగానే కనిపిస్తుంది. సుగిహారా చాటుగా ఏదీ చేయలేదు. టోక్యోకు మూడుసార్లు తంతి పంపి అడిగాడు. గమ్యదేశపు అనుమతి, చేతిలో సరిపడా డబ్బు లేనివాళ్లకు ఇవ్వొద్దని మూడుసార్లూ జవాబొచ్చింది. అయినా ఇచ్చాడు. ఇచ్చినవాళ్ల పేర్లు వరుసగా రాసి పై అధికారులకే పంపాడు. రూలు వంచినందుకు ఎవరికి లాభం, దొరికిపోతే నష్టం ఎవరికి? ఈ రెండు ప్రశ్నలు వేసుకుంటే లంచమేదో, కరుణ ఏదో తేలిపోతుంది. వంచిన చెయ్యి తన సంతకాన్ని దాచుకోలేదు, లెక్క అడిగితే చూపించేందుకు సిద్ధంగా ఉంది.

ఇంకో విమర్శ: సుగిహారాకు ఆ తర్వాత ఏం జరిగిందని? యుద్ధకాలంలో మంచి పోస్టింగులే దక్కాయి, 1944లో పతకమూ వచ్చింది. 1947లో ఉద్యోగం పోయింది నిజమే. వీసాల వల్లేనని కుటుంబం నమ్మింది, సిబ్బంది తగ్గింపు అని ప్రభుత్వం అంది. ఈ తగువు తేలకపోయినా నష్టం లేదు. శిక్ష ఎంత పడిందన్నదాన్ని బట్టి సాహసాన్ని తూచడం మనకో పాత అలవాటు. సంతకం పెట్టే నిమిషాన తనకేమవుతుందో ఆయనకు తెలియదు, అదీ లెక్కలోకి రావాల్సింది. ఎదుటివాళ్లకేమవుతుందో కూడా పూర్తిగా తెలియదు. యూదుల సామూహిక సంహారం అప్పటికి మొదలవలేదు. 1941 జూన్‌లో జర్మన్ సేనలు వచ్చాకే లిథువేనియా యూదుల్లో నూటికి తొంభైమందికి పైగా హతమయ్యారు. కాగితం దొరికినవాళ్లందరూ బయటపడలేదు కూడా. సోవియట్ అనుమతి కావాలి, రైలు ఛార్జీలు కావాలి. గట్టెక్కినవాళ్లలో మీర్ ఊరి యెషివా, అంటే యూదుల మతవిద్యాపీఠం, ఉంది. గురువులు, విద్యార్థులు కోబె మీదుగా షాంఘై చేరి, దాదాపు మొత్తం విద్యాపీఠంగానే బతికి నిలిచారు.

యూదులను కాపాడినవాళ్లకు ఇజ్రాయెల్ ఇచ్చే గౌరవం సుగిహారాకు 1984లో దక్కింది. 1976లో కన్నుమూసిన జ్వార్టెండైక్‌కు అది 1997లో గానీ రాలేదు. అంతకుముందు 1960ల్లో, కురసావ్ కాగితాల సంగతి పత్రికలకెక్కినప్పుడు, డచ్ విదేశాంగశాఖ ఆయన్ను పిలిపించి మందలించింది. కాన్సులర్ నిబంధనలు ఉల్లంఘించాడన్నది ఆరోపణ. ఆ మందలింపు తగనిదని ప్రభుత్వం ఒప్పుకున్నది 2018లో.