ముత్యాల గర్భం: శుభ్రం చేయిస్తే తీరిపోదు

మూడో నెలకే ఐదో నెల కడుపులా కనిపిస్తే ఇంట్లోవాళ్లు కవలలని సంబరపడతారు. వేవిళ్లు మితిమీరినా, నడుమ నడుమ రక్తం కనిపించినా మామూలేనని సర్దిచెప్పే పెద్దలున్నారు. కాని స్కానింగ్ చేస్తే ఒక్కోసారి లోపల బిడ్డే ఉండదు. గర్భసంచి నిండా ద్రాక్షగుత్తి వంటి నీటిబుడగలుంటాయి. దీనినే ముత్యాల గర్భం అంటారు.

ఈ స్కానింగులో పంపేది చెవికి వినిపించని శబ్ద తరంగాలనే. ఎక్స్‌రే కిరణాలు ఉండవు కనుక గర్భిణి భయపడనక్కరలేదు. గ్లాస్గోలో ఇయాన్ డొనాల్డ్ అనే వైద్యుడు 1958లో ఈ పద్ధతిని వైద్యలోకానికి తెలియజేశారు. ముత్యాల గర్భమైతే తెరమీద మంచు కురుస్తున్నట్లు తెల్లని చుక్కలు అగుపిస్తాయి. మరీ తొలి వారాలలో బొమ్మ తేటగా ఉండక మామూలు గర్భస్రావమే అనిపించవచ్చు. అందుకే తీసినదాన్ని పరీక్షకు పంపడం అవసరం.

అసలు చిక్కు ఆ తర్వాతే. శుభ్రం చేయించుకుని ఇంటికి వచ్చాక కోతల పనులనో, బస్సు చార్జీలకు వెనుకాడో మళ్లీ ఆస్పత్రి గడప తొక్కనివారున్నారు. పూర్తి ముత్యాల గర్భం వచ్చిన 100 మందిలో సుమారు 15 నుంచి 20 మందికి ఆ కణాలు మిగిలి మళ్లీ పెరుగుతాయి. అరుదుగా అది కోరియోకార్సినోమా అనే కాన్సర్‌గా మారి, రక్తంతో పాటు ఊపిరితిత్తులకు, మెదడుకు చేరుతుంది. ఈ కాన్సర్ మామూలు కాన్పు తర్వాత కూడా రావచ్చు. బాలింతకు దగ్గులో రక్తం పడితే క్షయ అని తేల్చేసుకోక, కాన్పు సంగతి డాక్టరుకు చెప్పాలి.

రక్తంలో హెచ్.సి.జి. అనే హార్మోను తగ్గవలసింది పోయి పెరుగుతూ ఉంటే అనుమానించవలసిందే. జబ్బు ఎక్కడికి పాకిందో ఛాతీ ఎక్స్‌రే, సి.టి., ఎం.ఆర్.ఐ. పరీక్షలు చూపిస్తాయి. ముక్క కోసి చూస్తే రక్తస్రావం ప్రమాదం ఉంది గనుక సాధారణంగా ఈ లెక్కను, బొమ్మలను బట్టే మందు మొదలుపెడతారు. డాక్టరు సరేననే వరకు మళ్లీ గర్భం రాకూడదు. వస్తే హార్మోను దేనివల్ల పెరిగిందో తేలదు.

మందు కథలో మన భీమవరానికీ పాలుంది. అక్కడ 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ పరిశోధనశాలకు నాయకత్వం వహించిన రోజుల్లో తయారైనదే మెథోట్రెక్సేట్. ఆయన 1948లో కన్నుమూశారు. ఆ మందుతో ఈ కాన్సర్ లొంగుతుందని లీ, హెర్ట్జ్ అనే వైద్యులు 1956లో ప్రకటించారు. నేడు తొలిదశలో పట్టుబడితే దాదాపు అందరికీ నయమవుతుంది. చాలావరకు గర్భసంచి తీయవలసిన పనే ఉండదు, తర్వాత పిల్లల్ని కన్నవారూ ఉన్నారు. అయితే ఆ గర్భంలో తొలి నెలల్లోనే స్కానింగ్ చేయించాలి. పాత కాగితాలు వెంట తీసుకువెళ్లాలి.