మీకు తెలుసా? తిట్లు తిన్న ఆటలే ముందు నడిచాయి

వీడియో గేముల్లో ఆర్‌పీజీ అనే ఒక జాతి ఉంది. ఆడేవాడు ఒక పాత్రలోకి దిగుతాడు, ఊరూరూ తిరుగుతాడు, బలం కూడగట్టుకుంటాడు, నలభై యాభై గంటల కథ నడుపుతాడు. టీవీకి తగిలించే కన్సోల్ మీద ఈ జాతికి దారి వేసింది జపాన్. వీటిలో ఏది గొప్పది, ఏది చెత్త అన్నదాని మీద లోకం ఎప్పుడో తీర్పు చెప్పేసింది. ఆ తీర్పుల్లో కొన్నిటితో నాకు పేచీ ఉంది. ఈ వారం ముచ్చట్లన్నీ ఆ పేచీ చుట్టూనే.

మీకు తెలుసా? 'ఫైనల్ ఫాంటసీ' పేరులో ఫైనల్ అన్న మాట ఎందుకొచ్చిందో అందరికీ ఒకే కథ తెలుసు. కంపెనీ దివాలా అంచున ఉందట, ఇదే ఆఖరి ఆట అనుకుని ఆ పేరు పెట్టారట. 1987 డిసెంబర్‌లో ఆ ఆటను తెచ్చిన హిరొనోబు సకాగుచి 2015లో అసలు సంగతి చెప్పారు. పొట్టిగా 'ఎఫ్ ఎఫ్' అని పలకడానికి వీలుండాలన్నదే వాళ్ల పట్టుదల. ముందు అనుకున్న పేరు 'ఫైటింగ్ ఫాంటసీ'. అది అప్పటికే వేరేవాళ్లది కావడంతో ఫైనల్ అయింది. ఎఫ్‌తో మొదలయ్యే మాట ఏదైనా సరిపోయేదట.

ఇలాంటిదే ఇంకొకటి. 'డ్రాగన్ క్వెస్ట్' ఆటలు పనిదినాల్లో విడుదల చేయకూడదని జపాన్‌లో చట్టం ఉందంటారు. అలాంటి చట్టమేదీ లేదు. జరిగింది మాత్రం చిన్నదేం కాదు. 1988 ఫిబ్రవరి 10, బుధవారం మూడో డ్రాగన్ క్వెస్ట్ వచ్చింది. ఒక్కరోజులో దాదాపు పది లక్షల క్యాసెట్లు అమ్ముడయ్యాయి. బడి ఎగ్గొట్టి వరుసల్లో నిలబడ్డ పిల్లలను పోలీసులు వందల్లో పట్టుకున్నారు. ఆ తర్వాత సెలవు రోజు చూసుకుని విడుదల చేయడం కంపెనీ తనంతట తాను పెట్టుకున్న పద్ధతి.

మన దగ్గర చలామణిలో ఉన్న ఒక అభిప్రాయానికి వద్దాం. "మనోళ్లకు ఆర్‌పీజీలు పడవు, కొట్టుడు ఆటలే కావాలి" అంటారు. ఈ మాట అన్యాయం. తొంభైల్లో మొగుళ్లపల్లి, చిట్యాల, రేగొండ వైపు అయినా, జనగామ వైపు అయినా, వీడియో గేమ్ అంటే జపాన్ కన్సోల్ ఫ్యామికామ్‌కు నకలుగా వచ్చిన పెట్టె, దాంట్లో గుచ్చే పసుపురంగు క్యాసెట్. దాంట్లో మారియో, కాంట్రా, ట్యాంకులాట. ఆర్‌పీజీ ఆడాలంటే ఇవాళ ఆపిన చోటు నుంచి రేపు మొదలుపెట్టే వీలుండాలి. జపాన్‌లో అసలు క్యాసెట్ల లోపల అందుకోసం నాణెమంత బ్యాటరీ ఒకటి ఉండేది. కరెంటు తీసేసినా ఆట గుర్తుండేది ఆ బ్యాటరీ చలవే. 1986లో వచ్చిన మొదటి డ్రాగన్ క్వెస్ట్‌లో అదీ లేదు. ఆపేముందు ఇరవై జపనీస్ అక్షరాల మంత్రం ఒకటి తెరమీదికొస్తుంది, కాగితం మీద తప్పులేకుండా రాసుకోవాలి. మనకు చేరిన నకలు క్యాసెట్లలో దాదాపు వేటికీ బ్యాటరీ లేదు. మంత్రం రాసుకుందామంటే ఆ భాష మనది కాదు. తలుపు దగ్గరికే రాని చుట్టాన్ని మనవాళ్లు ఆదరించలేదనడం ఏం న్యాయం?

ఇక అసలు పేచీ. 1997 జనవరి 31న ప్లేస్టేషన్ మీదికి వచ్చిన ఏడో ఫైనల్ ఫాంటసీని జనం నెత్తిన పెట్టుకుంటారు. మూడు సీడీల ఆట. మొదటి సీడీ చివర ఏరిస్ అనే పూలమ్మే అమ్మాయి చనిపోతుంది. ఆ వీడియో చూసి ఏడ్చామని చెప్పేవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు, అందుకే అది గొప్ప ఆట అంటారు. నేను ఒప్పుకోను. ఆ దుఃఖం వీడియోలో లేదు. గంటల తరబడి మీరు ఆ అమ్మాయిని జట్టులో పెట్టుకుని, గాయాలు మాన్పే పని ఆమెకే అప్పగించి పెంచుతారు. ఆమె పోయాక ఆమెకు తొడిగిన మంత్రపు గోళీలు, మెటీరియా అంటారు వాటిని, తిరిగి మీ సంచిలోకి వచ్చి పడతాయి. వాటిని ఇంకొకరికి తొడగాలి. ఆ పని మీ చేత్తో మీరే చేయాలి. గుండె పిండేది అక్కడ.

కానీ ఆ ఆటకు పెద్ద లోపమూ ఆ గోళీలతోనే వచ్చింది. ఏ గోళీనైనా ఎవరికైనా తొడగొచ్చు. దాంతో జట్టులో ఎవరిని పెట్టుకున్నా ఆడేటప్పుడు ఒకేలా ఉంటారు. ఆయుధమూ, కోపమొస్తే కొట్టే ప్రత్యేకమైన దెబ్బా తప్ప తేడా లేదు. మొహాలు వేరు, మనుషులు ఒకటే. పాత్రలోకి దిగడమే ప్రాణమైన ఆటకు ఇది చిన్న లోటు కాదు.

మీకు తెలుసా? అదే వరుసలో రెండో ఆటను, 1988 డిసెంబర్ 17న వచ్చినదాన్ని, జనం ఇంటికి చెడ్డపిల్లాడిలా చూస్తారు. యుద్ధాలు గెలిచేకొద్దీ మొత్తంగా పెరిగే లెవెళ్లు అందులో లేవు. కత్తి తిప్పితే కత్తిలో చెయ్యి తిరుగుతుంది, మంత్రం వేస్తే మంత్రం పదునెక్కుతుంది, దెబ్బలు తింటే దెబ్బలకు తట్టుకునే ఒళ్లు వస్తుంది. ఆట రూపకర్త అకితోషి కవాజు ఆలోచన ఇది. కొందరు దీన్ని దొడ్డిదారిన వాడుకున్నారు. సొంత జట్టువాళ్లనే కొట్టుకుని ప్రాణశక్తి పెంచుకున్నారు. ఆ ఒక్క సాకుతో ఆటను వెలివేశారు. ఇంగ్లీషులో అది అధికారికంగా వచ్చిందే 2003లో, అంటే బయటి దేశాలవాళ్లలో చాలామందికి దాని మీద అభిప్రాయం ముందొచ్చింది, ఆట తర్వాతొచ్చింది.

మరి 2011 నవంబర్‌లో వచ్చిన 'స్కైరిమ్' అనే ఆర్‌పీజీలో జరిగేదేమిటి? కత్తి తిప్పితే కత్తి విద్య పెరుగుతుంది, కొలిమి దగ్గర పనిచేస్తే కమ్మరి పని వస్తుంది. దాన్ని మాత్రం లోకం నెత్తికెత్తుకుంది. ఒకే ఆలోచన ఇరవైమూడేళ్ల ముందొస్తే తప్పు, తర్వాతొస్తే ఒప్పు ఎలా అయింది? పైగా ఆ రెండో ఆటలో ఇంకో చక్కటి పనితనం ఉంది. ఎవరైనా చెప్పిన ముఖ్యమైన మాటను మీరు గుర్తుపెట్టుకోవచ్చు, ఇంకొకరి దగ్గర దాన్ని ప్రయోగించవచ్చు. తిరుగుబాటుదారుల రహస్య సంకేతం 'వైల్డ్ రోజ్'. శత్రువు పట్టులో ఉన్న ఊళ్లో ఆ మాటను సరైన మనిషి దగ్గర పలికితేనే దారి తెరుచుకుంటుంది. ఎవరితో ఏం మాట్లాడాలో ఆడేవాడే తేల్చుకోవాలి.

ఎనిమిదో ఆట సంగతి ఇంకా అన్యాయం. 1999 ఫిబ్రవరిలో వచ్చింది. దాని మంత్రాల పద్ధతి తలతిక్కదని, తూకం తప్పిందని పాతికేళ్లుగా అంటూనే ఉన్నారు. నేనైతే ఆ మొత్తం వరుసలో ఆలోచనకు పదునుపెట్టేది అదేనంటాను. అందులో రాక్షసుల బలం మీ జట్టు లెవెల్‌ను బట్టి పెరుగుతుంది. గుడ్డిగా యుద్ధాలు చేసి లెవెల్ పెంచుకున్నవాడికి ఎదుటివాడూ అంతే పెరిగి ఎదురొస్తాడు. బలం అసలు దాగింది వేరేచోట. ఒక్కో మంత్రాన్ని మనిషికి వంద దాకా పోగేసి, దాన్ని ప్రాణశక్తికో కండబలానికో జోడిస్తారు. వాడేస్తే తరిగిపోతుంది, దాచుకుంటే బలమవుతుంది. ఇక్కడ రాక్షసులు డబ్బు రాల్చరు. మీరు ఉద్యోగి, మీకు జీతం వస్తుంది. పరీక్ష రాసి పాసైతే జీతం పెరుగుతుంది. ఉద్యోగ నోటిఫికేషన్ కోసం ఏళ్లు ఎదురుచూసే మన పిల్లలకు ఈ ఏర్పాటు విడమర్చి చెప్పక్కర్లేదు.

చెత్త అన్నవాళ్లలో చాలామంది పాత అలవాటుతో లెవెళ్లు పెంచుకుంటూ పోయి, దారి బిగుసుకుపోయాక ఆటను తిట్టినవాళ్లే అని నా నమ్మకం. నియమం మారిందని ఆట వాళ్లకు మొదటి గంటల నుంచే చెబుతోంది.

పన్నెండో ఆట మీద కోపం వేరు. 2006 మార్చి 16న ప్లేస్టేషన్ 2 (పీఎస్2) మీద వచ్చింది. జపాన్ పత్రిక 'ఫమిత్సు' నలభైకి నలభై మార్కులిచ్చింది. అభిమానులు మాత్రం "ఆట తనంతట తానే ఆడుకుంటోంది, మనకేం పని?" అన్నారు. కారణం గాంబిట్లు. జట్టులో ఎవరి ప్రాణశక్తి అయినా డెబ్బై శాతం కంటే తగ్గితే వైద్యం చెయ్యి, శత్రువు కనబడితే కొట్టు, ఇలా ముందే ఆజ్ఞలు రాసిపెడతారు. ఏది ముందు, ఏది వెనక అన్న వరుస తప్పితే జట్టు మట్టి కరుస్తుంది. మన జిల్లాల నుంచి ఎందరు పిల్లలు అమీర్‌పేటకు వెళ్లి, హాస్టల్ గదుల్లో ఉండి నేర్చుకున్నది ఈ 'అయితే ఇది, కాకపోతే అది' కాదు? ప్రోగ్రాం రాసినవాణ్ణి ఏ పనీ చేయలేదని ఎవరూ అనరు కదా.

మీకు తెలుసా? 1995లో అమెరికాలో విడుదలైన జపాన్ ఆర్‌పీజీ 'ఎర్త్‌బౌండ్' అక్కడ పెద్దగా అమ్ముడుపోలేదు. ఇవాళ దాన్ని ప్రాణంగా చూసుకునేవాళ్లు లెక్కలేనంతమంది. అందులో చావుదెబ్బ తగిలినా ప్రాణశక్తి అంకెలు కరెంటు మీటరులా తిరుగుతూ మెల్లగా దిగుతాయి. సున్నాకు చేరేలోపు మీరు గెలిస్తే బతికిపోతారు. జనం తీర్పు మారడానికి ఏళ్లు పట్టింది, ఆటలో ఒక్క అక్షరం మారలేదు.

మన హైదరాబాద్ ముచ్చట కూడా చెప్పాలి. పీఎస్2 కోసం పూర్తిగా భారతదేశంలో తయారైన మొదటి ఆట 2009లో వచ్చింది. పేరు 'హనుమాన్: బాయ్ వారియర్'. చేసింది హైదరాబాద్‌లోని అరోనా టెక్నాలజీస్. ఇది ఆర్‌పీజీ కాదు, ఎగురుడు దూకుడు ఆట. దేవుణ్ణి బటన్లతో ఆడించడం అపచారమని, ఆటను వెనక్కి తీసుకోవాలని అమెరికాలోని హిందూ నాయకుడు రాజన్ జెడ్ అభ్యంతరం చెప్పారు. ఆ అభ్యంతరంతో నేను ఏకీభవించను. దేవుడి పాత్రను మనిషి కట్టడం మన నేలకు కొత్త కాదు. ముఖానికి రంగు పూసుకుని, కిరీటం పెట్టుకుని, రాత్రంతా దేవుడై, రాక్షసుడై ఆడే చిందు యక్షగానం మనది. దాన్ని నిలబెట్టినందుకే జనగామ జిల్లా కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ వచ్చింది. ఆట బాగుందా లేదా అన్నది వేరే చర్చ. ఆ చర్చ జరగాల్సింది పనితనం మీద. పాత్ర కట్టడమే తప్పంటే మాత్రం ముందు మన అరుగులు ఖాళీ చేయాలి.

ఈ తిట్లు తిన్న ఆటలేవీ ఇప్పుడు దూరంలో లేవు. రెండో ఫైనల్ ఫాంటసీ కొత్త రూపం 2021 జూలైలో ఫోన్లకు వచ్చింది, ఎనిమిదోది అదే ఏడాది మార్చిలో. ఎనిమిదోది మొదలుపెడితే యుద్ధాల వెంట పడొద్దు. కనబడ్డ ప్రతి మనిషితో, పేకాట లాంటి కార్డులాట ఒకటి అందులో ఉంది, అది ఆడండి. ఎదురైన రాక్షసుణ్ణి చంపకుండా కార్డుగా మార్చండి, అలా చేస్తే లెవెల్ పెంచే పాయింట్లు రావు. సైరన్ అనే దేవత చేతికొచ్చాక, వైద్యమంత్రాలు తయారుచేసే విద్య ఆమెకు నేర్పించి, అంగట్లో పది టెంట్లు కొనండి. ఒక్కో టెంటుకు పది చొప్పున క్యూరగా అనే వైద్యమంత్రాలు వంద అవుతాయి. వాటిని ప్రాణశక్తికి జోడించి, అంకె ఎక్కడి నుంచి ఎక్కడికి పోయిందో చూడండి.