వెబ్‌సైటునకు ప్రక్కపట్టిక



క్రొత్తగా ఇంట కాలు పెట్టిన చుట్టమునకు మంచినీళ్ల బిందె యెక్కడ నున్నదో, పెరటిదారి యేదో, మనము చెప్పకయే తెలియవలయును. అట్లు తెలిసిన యిల్లే యిల్లు. వెబ్‌సైటును అట్టిదే. అందలి పుటలకు దారి చూపు పట్టికను మెనూ యందురు. అది తెర ప్రక్కన నిలువుగా నున్నచో సైడ్‌బార్ మెనూ యగును. నేను ప్రక్కపట్టిక యనుచున్నాను. పెద్ద కంప్యూటరునకును, చేతిలోని సెల్‌ఫోనునకును సరిపడునట్లు దానిని కట్టు విధమును, అది తెలియకముందు నేను చేసిన తప్పును మీకు విన్నవింతును.

మావారు ఉపాధ్యాయులు. వారి పాఠశాలకు వెబ్‌సైటు కావలసివచ్చినది. వారికి తీరిక లేనందున ఆ పనికి నేను పూనుకొంటిని. చిన్ననాట మా తండ్రిగారు ఇంటనే కావ్యములు చెప్పిరి గాని యీ విద్య చెప్పలేదు. అయినను, పద్యమునకు అన్వయము కుదుర్చుకొనుట యలవాటైనవారికి హెచ్.టి.ఎం.ఎల్. అంత కఠినముగా తోచదు. ఏది దేనికి లోబడినదో తెలిసిన చాలును. పాఠశాల చిహ్నము క్రింద పండ్రెండు పేర్లతో ఎడమప్రక్క చక్కని పట్టిక కట్టి, అది కదలకుండ బిగించి, ఇంటి కంప్యూటరులో చూచుకొని మురిసితిని.

వారము తిరుగకమునుపే యొక తల్లి మా యింటికి వచ్చినది. కూలిపనికి పోవునామె, చేత చిన్న సెల్‌ఫోను. "అమ్మగారూ, స్కాలర్‌షిప్పు కాగితం సైటులో ఉందని పంతులుగారు చెప్పారండి. రెండు రోజులనుంచి చూస్తున్నా, కనపడలేదండి" అన్నది. ఆమె ఫోను తీసికొని చూచితిని. నా పట్టిక తెరలో సగమునకు మించి ఆక్రమించి కూర్చున్నది. మిగిలిన సందులో పంక్తికి ఒకటి రెండు మాటలు ఇఱికియున్నవి. పండ్రెండవదియగు విద్యార్థివేతనముల పేరు తెరక్రింద మునిగిపోయినది. పట్టిక బిగించియుండుటచే, వ్రేలితో ఎంత జరిపినను పైకి రాదు. గడువు మఱునాడే. దరఖాస్తును నేనే అచ్చు తీసి యిచ్చితిని. కాని మా గుమ్మము వఱకు రాలేని తల్లులు ఎందఱో యని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

పిమ్మట శ్రద్ధగా చదివితిని. 2010వ సంవత్సరమున అమెరికా దేశస్థుడగు ఈథన్ మార్కాట్ అను రూపశిల్పి, తెర కొలతనుబట్టి పుట తనంతట సర్దుకొనవలయునని చెప్పి, ఆ పద్ధతికి రెస్పాన్సివ్ వెబ్ డిజైన్ అని పేరు పెట్టెను. దానికి ముఖ్యసాధనమైన మీడియా క్వెరీలు 2012లో ప్రమాణములుగా అంగీకరింపబడినవి. విశాలమైన యింట పందిరిమంచము ఎల్లప్పుడును పఱచియే యుండును. ఒంటిగది యింట మడతమంచము కావలసినపుడే విప్పబడును. ప్రక్కపట్టిక మర్మమంతయు ఇంతియే.

ఇక కట్టు క్రమము. మొదట పుట శిరస్సున వ్యూపోర్టు పంక్తి యుండవలయును. అది లేనిచో ఫోను పుటను పెద్ద తెరకు గీచినట్లు గీచి, కుదించి చూపును. దీనిని నేను మఱవలేదు, మఱచినవి తక్కినవి. పట్టికను నావ్ అను గుర్తులో నుంచి, అందలి పేర్లను జాబితాగా వ్రాయవలయును. అప్పుడు చూపులేనివారికి పుటను చదివి వినిపించు సాధనము, ఇది దారిచూపు పట్టికయని వారికి తెలుపగలదు.

అలంకారమును చిన్న తెరకే మొదట వ్రాయుడు. అందు పుట యంతయు ఒకే వరుస, పట్టిక మడిచియుండును. తరువాత, వెడల్పు 768 పిక్సెళ్లు గాని అంతకు మించి గాని యున్నచో పట్టికను విప్పి ప్రక్కన నిలుపుమని మీడియా క్వెరీతో సి.ఎస్.ఎస్.నకు చెప్పవలయును. నేను పట్టికకు 240 పిక్సెళ్లిచ్చి, తక్కిన చోటంతయు విషయమునకు విడిచితిని. పట్టిక తెరకంటె పొడవైనచో తనలో తాను జరుగునట్లు ఓవర్‌ఫ్లో నియమమును చేర్చుడు. ఆ తల్లికి కావలసిన పేరు మునిగిపోవుటకు ఈ యొక్క పంక్తి లేమియే కారణము.

మడిచిన పట్టికను విప్పుటకు బటను కావలయును. మూడు గీతల గుర్తును 1981లో వెలువడిన జిరాక్స్ స్టార్ కంప్యూటరు కొఱకు నార్మ్ కాక్స్ గీచెను. గుర్తు తెలియనివారును గలరు గనుక, దాని చెంత "మెనూ" అని వ్రాయుట మేలు. 2023లో వెలువడిన సౌలభ్యసూత్రములలో బటను కొలత కనీసము 24 పిక్సెళ్లని యున్నది. పనిచేసి మొద్దుబారిన వ్రేళ్లకు 44 ఇచ్చుట ధర్మము. బటను నొక్కినపుడు జావాస్క్రిప్టు పట్టికను విప్పి, ఏరియా-ఎక్స్‌పాండెడ్ అను గుణమును మార్చి, తెఱచియున్నదో మూసియున్నదో వినువారికి తెలుపవలయును.

ఒక జాగ్రత్త. మూసిన పట్టికను తెర యావలకు నెట్టి యూరకున్నచో, టాబ్ మీటతో నడచువారు కనబడని పేర్లలో చిక్కుకొందురు. కావున విజిబిలిటీ నియమముతో దానిని నిజముగా మఱుగుపఱుపవలయును. ఎస్కేప్ మీట నొక్కగానే పట్టిక మూసికొని, చూపు తిరిగి బటనుమీదకే రావలయును.

ఇన్నియు సవరించి, విద్యార్థివేతనముల పేరును పండ్రెండవ చోటినుండి రెండవ చోటికి తెచ్చితిని. ఆ తల్లినే పిలిచి ఆమె ఫోనులోనే చూపుమంటిని. నేనేమియు చెప్పకయే ఆమె బటను నొక్కి, దరఖాస్తు పుట తెఱచినది.

నాటినుండి ఒక నియమము పెట్టుకొంటిని. పని ముగిసినదని అనుకొనుటకు ముందు, ఎరిగినవారిలో అందఱికంటె చిన్న ఫోను గలవారి నడిగి, అందు చూచుచున్నాను. ఈ విద్య నేర్వగోరు సోదరీమణులును మొదటినుండియే ఇట్లు చేయుదురుగాక.