ఆట ఒకటే, అంగడి వేరు!

మన సంఘం వేడుకల్లో నలుగురం కలిసినప్పుడల్లా వినిపించే ప్రశ్న ఒకటుంది. "మీ పిల్లలు సెలవుల్లో ఏం చేస్తున్నారండీ?" దానికి జవాబు కూడా అందరి దగ్గరా ఒకటే. "ఏముంది, కంప్యూటర్ ముందు కూర్చుని ఆటలు!" మొన్నటిదాకా నేనూ అదే అంటూ నిట్టూర్చేవాణ్ణి. ఒక పెంకుటిల్లు నా నోరు మూయించింది. ఆ కథే ఇది.

మా అబ్బాయికి పన్నెండేళ్ళు. ఊళ్ళు కట్టే ఆట ఒకటుంది. రోడ్లు వేయాలి, నీళ్ళ పైపులు వేయాలి, ట్రాములు నడపాలి. దాచుకున్న టాషెన్‌గెల్డ్‌తో, ధర తగ్గించినప్పుడు, ఒక ఆన్‌లైన్ షాపులో దాన్ని కొనుక్కున్నాడు. హైదరాబాదులో మా అక్కయ్య కొడుకు, అంటే వాడి బావ, అదే ఆటను ఇంకో షాపులో కొన్నాడు. ఇద్దరూ వారం వారం ఫోన్లో ఒకటే కబుర్లు: "బావా, నీ ఊళ్ళో ట్రాఫిక్ ఎలా ఉంది?" "మా హైదరాబాద్ లాగే ఉందిరా!"

ఒక శనివారం మా వాడు నా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. "నాన్నా, బావ తాతయ్య ఇల్లు కట్టాడు!"

తెనాలి దగ్గర మా ఊళ్ళో మా నాన్నగారి ఇల్లు అది. ముందు అరుగులు, పెరట్లో నుయ్యి, వాకిట్లో వేపచెట్టు. నాన్నగారు పోయాక అమ్మ అక్కయ్య దగ్గరికి వెళ్ళిపోయింది. ఇల్లు అమ్మేశాం. కొన్నవాళ్ళు పడగొట్టి అపార్ట్‌మెంట్ లేపారు. మా మేనల్లుడు పాత ఫొటోలన్నీ ముందేసుకుని, బ్లెండర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఆ ఇంటి బొమ్మ చేసి, తన షాపు తాలూకు మాడ్‌ల విభాగంలో పెట్టాడు. అక్కడ ఎవరైనా ఒక్క మీట నొక్కితే ఆ ఇల్లు వాళ్ళ ఊళ్ళోకి వచ్చేస్తుంది.

ఎవరికైనా వస్తుంది, మా వాడికి తప్ప. వాడు కొన్న షాపు వేరు!

మాడ్ అంటే ఏమిటి?

పిల్లలకు తెలుసు గానీ, పెద్దల కోసం చెబుతాను. హరికథలో దాసుగారు అసలు కథ చెబుతూ మధ్యలో పిట్టకథలు కలుపుతారు కదా. అసలు కథ అదే, పిట్టకథ మాత్రం ఆ దాసుగారిది. మాడ్ కూడా అంతే. ఆట తయారుచేసింది కంపెనీ. ఆడేవాళ్ళే దానికి కొత్త ఇళ్ళు, కొత్త బళ్ళు, కొత్త నియమాలు చేర్చుకుంటే అది మాడ్. చాలావరకు డబ్బు తీసుకోకుండా, సరదా కోసం చేస్తారు.

దీన్ని చిన్నచూపు చూడకండి. 1999లో ఇద్దరు కుర్రవాళ్ళు, మిన్ లీ, జెస్ క్లిఫ్, హాఫ్-లైఫ్ అనే ఆటకు మాడ్‌గా కౌంటర్-స్ట్రైక్ చేశారు. వాల్వ్ కంపెనీ దాన్ని కొనుక్కుని 2000లో విడి ఆటగా విడుదల చేసింది. వార్‌క్రాఫ్ట్ 3 ఆటకు అభిమానులు చేసిన ఒక మాడ్ నుంచే 2013లో విడుదలైన డోటా 2 పుట్టింది.

మరి షాపు గొడవ ఎక్కడ మొదలైంది?

వాల్వ్ వాళ్ళ స్టీమ్ షాపు 2003లో మొదలైంది. 2011లో అందులో వర్క్‌షాప్ అనే విభాగం పెట్టారు. అంతకు ముందు మాడ్ కావాలంటే ఫైలు వెతికి, దించుకుని, సరైన ఫోల్డరులో మనమే పెట్టుకోవాలి. వర్క్‌షాప్‌లో ఒక్క మీట చాలు, మిగతాదంతా అదే చూసుకుంటుంది. ఎంతో సదుపాయం. కానీ ఆ మీట పనిచేయాలంటే ఆటను అక్కడే కొని ఉండాలి. పోలండ్ కంపెనీ సీడీ ప్రాజెక్ట్ 2008లో మొదలుపెట్టిన జీఓజీలో గానీ, 2018 డిసెంబరులో వచ్చిన ఎపిక్ గేమ్స్ స్టోర్‌లో గానీ కొన్నవాళ్ళకు ఆ తలుపు తెరుచుకోదు. 2015లో వచ్చిన సిటీస్: స్కైలైన్స్ ఆటకు వర్క్‌షాప్ నిండా మాడ్‌లున్నా, అవి స్టీమ్‌లో కొన్నవాళ్ళ కోసమే.

"ఆట ఒకటే కదా నాన్నా, మరి ఎందుకు పట్టదు?" అన్నాడు మా వాడు.

ఆ ప్రశ్న ష్వైన్‌ఫర్ట్‌లో పెరిగే పిల్లవాడు అడగాల్సిందే! మాది బేరింగుల ఊరు. 1883లో ఫ్రీడ్రిష్ ఫిషర్ ఉక్కు గోళీలను కచ్చితమైన గుండ్రంగా సానపట్టే యంత్రాన్ని ఇక్కడే తయారుచేశాడు. ఈ రోజుకీ ఎఫ్ఏజీ, ఎస్‌కేఎఫ్ పేర్లు ఊరంతా కనిపిస్తాయి. ఆ రెండూ పోటీ బ్రాండ్లు. అయినా 6204 అనే బేరింగు ఎవరు చేసినా లోపలి వ్యాసం 20 మిల్లీమీటర్లు, బయటి వ్యాసం 47, వెడల్పు 14. తెనాలిలో మోటారు మెకానిక్ "6204 ఒకటివ్వండి" అంటే చాలు, ఏ కంపెనీదైనా పట్టేస్తుంది. కొలతలు అందరివీ, పేరు ఎవరిది వారిది. ఆటల షాపులు ఇంకా ఆ స్థితికి రాలేదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఒకే ఆట అయినా షాపుని బట్టి లోపలి ప్రోగ్రాము కొంచెం మారవచ్చు. ఒక షాపులో కొత్త వెర్షన్ ముందు రావచ్చు, ఇంకో దాంట్లో ఆలస్యం కావచ్చు. పెద్ద పిల్లలు ఆడే స్కైరిమ్ ఆటకు ఎస్‌కేఎస్ఈ అనే ఉపకరణం ఉంది. దాన్ని స్టీమ్ వెర్షన్‌కు ఒకటి, జీఓజీ వెర్షన్‌కు ఒకటి విడివిడిగా ఇస్తారు. ఒకదానిది ఇంకోదానికి పెడితే పనిచేయదు. అదే బొమ్మలు, ఇళ్ళు, చెట్ల లాంటి మాడ్‌లకు ఈ బాధ తక్కువ.

మేము పడ్డ పాట్లు

మా వాడు నాకు చెప్పకుండా మొదట ఒక పని చేశాడు. మాడ్‌లను ఎక్కడెక్కడినుంచో తెచ్చి పెట్టే ఒక సైటులో వెతికి, ఏదో ఫైలు దించాడు. యాంటీవైరస్ గగ్గోలు పెట్టింది. అదృష్టం బాగుండి అది తెరవలేదు. నేను కేకలేశాను. వాడు ఏడ్చాడు. "తాతయ్య ఇల్లు కోసమే కదా" అన్నాడు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

రెండో ఆలోచన: "బావ పాస్‌వర్డ్ ఇస్తాడు." వద్దన్నాను. ఒకరి ఖాతాలో ఇంకొకరు దూరడం షాపు నియమాలకు విరుద్ధం. ఖాతా మూతపడితే బావ కొన్న ఆటలన్నీ పోతాయి.

మూడోది: ఆటను రెండోసారి కొనడం. ఆటకు, అదనపు ప్యాకులకు కలిపి లెక్క వేస్తే మా ఆవిడ నావైపు చూసిన చూపు ఇక్కడ రాయలేను.

నాలుగోది నా వంతు. ఇరవై ఏళ్ళుగా కంప్యూటర్లతో బతుకుతున్నవాణ్ణి కదా! వాల్వ్ వాళ్ళదే స్టీమ్‌సీఎండీ అనే ఉపకరణం ఉంది. కొన్ని ఆటల మాడ్‌లను ఖాతా లేకుండానే దాంతో దించుకోవచ్చు. కొన్నింటికి మాత్రం ఆట కొన్న ఖాతా ఉండాల్సిందే. మా ఆట రెండో రకం. రాత్రి పన్నెండు దాకా కూర్చుని ఆ సంగతి తెలుసుకున్నాను. ఒకే కంపెనీ సరుకుకు కట్టుబడిపోకండని క్లయింట్లకు చెప్పేవాణ్ణి, మా ఇంట్లోనే ఇరుక్కున్నాను.

మర్నాడు అక్కయ్యకు ఫోన్ చేసి ఈ గోలంతా చెప్పాను. పక్కనుంచి మా మేనల్లుడు, "మామయ్యా, ఆ ఫైలు చేసింది నేనే కదా, నా కంప్యూటర్లోనే ఉంది. మెయిల్లో పంపనా?" అన్నాడు.

చంకలో పిల్లవాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికాం!

వేపచెట్టు సంగతి

ఫైలు వచ్చింది. మాడ్‌ల ఫోల్డరులో పెట్టాం. ఇల్లు వచ్చింది, అరుగులు వచ్చాయి, నుయ్యి వచ్చింది. వేపచెట్టు రాలేదు. సంగతేమిటంటే, ఆ చెట్టు బావ చేసింది కాదు. ఇంకెవరో చేసిన చెట్టు మాడ్‌ను వాడుకున్నాడు. ఒక మాడ్ ఇంకో మాడ్ మీద ఆధారపడటం మామూలే. ఆ ఫైలు బావ దగ్గరున్నా, వేరేవాళ్ళ పనిని అడగకుండా పంచడం తప్పని వాడే చెప్పాడు. పదహారేళ్ళ పిల్లవాడి నోట ఆ మాట విని ముచ్చటేసింది.

అందుకని మా వాడే ఇంగ్లీషులో ఒక ఉత్తరం రాశాడు. తాను ఎవరో, ఆట ఏ షాపులో కొన్నాడో, ఆ చెట్టు ఎందుకు కావాలో నాలుగు వాక్యాల్లో చెప్పాడు. దాన్ని బావ తన ఖాతా నుంచి ఆ చెట్టు చేసినవారికి పంపాడు. నాలుగు రోజులకు జవాబు వచ్చింది. ఆయన ఎవరో, ఏ దేశమో మాకు తెలియదు. "మీ తాతగారి ఇంటికి నా చెట్టు వెళ్తోందంటే సంతోషం" అని రాసి, ఫైలు జతచేశారు.

అమ్మానాన్నలకు నాలుగు మాటలు

కొనేముందు చూడండి. పిల్లవాడు మాడ్‌ల కోసమే ఆట అడుగుతున్నాడా? అయితే ఆ మాడ్‌లు ఎక్కడ దొరుకుతాయో ముందు అడిగి, షాపు తరువాత ఎంచుకోండి. తగ్గింపు ధర చూసి తొందరపడకండి.

షాపుతో పని లేని ఆటలూ ఉన్నాయి. జర్మనీ పిల్లలకు ప్రాణమైన లాండ్‌విర్ట్‌షాఫ్ట్స్-సిమ్యులేటర్ చేసేది స్విట్జర్లాండ్ కంపెనీ జైంట్స్ సాఫ్ట్‌వేర్. మనకు దగ్గర్లోని ఎర్లాంగెన్‌లోనూ వాళ్ళ ఆఫీసుంది. వాళ్ళ మాడ్‌హబ్‌లోని మాడ్‌లు ఉచితం, ఆట ఎక్కడ కొన్నా పనిచేస్తాయి. స్టార్‌డ్యూ వ్యాలీకి నెక్సస్ మాడ్స్‌లో దొరికే మాడ్‌లు స్టీమ్‌లో కొన్నా జీఓజీలో కొన్నా ఒకటే. 2023 అక్టోబరులో వచ్చిన సిటీస్: స్కైలైన్స్ 2కు వర్క్‌షాప్ బదులు పారడాక్స్ మాడ్స్ పెట్టారు. స్టీమ్, మైక్రోసాఫ్ట్ స్టోర్ రెండింటివాళ్ళూ దాన్నే వాడతారు.

మైన్‌క్రాఫ్ట్‌లో మాత్రం జావా, బెడ్‌రాక్ అని రెండు వెర్షన్లున్నాయి. ఒకదాని మాడ్ ఇంకోదాంట్లో పనిచేయదు. 2022 జూన్ నుంచి కంప్యూటర్‌కు రెండూ కలిపే అమ్ముతున్నారు.

పొరపాటున వేరే షాపులో కొన్నారా? కంగారుపడకండి. స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లో, 2 గంటలకన్నా తక్కువ ఆడి ఉంటే డబ్బు వాపసు అడగవచ్చు. జీఓజీలో 30 రోజుల గడువుంది.

వైరస్‌ల విషయంలో జాగ్రత్త. 2023 జూన్‌లో మైన్‌క్రాఫ్ట్ మాడ్‌లలో ఫ్రాక్చరైజర్ అనే దొంగ ప్రోగ్రాము దూరింది. అది పేరున్న సైటుల్లోనే జరిగింది. ఇక ఊరూ పేరూ లేని సైటుల సంగతి చెప్పాలా?

పిల్లలూ, మీకు ఒక్క మాట

మాడ్ చేసినవాళ్ళు కూడా మీలాంటివాళ్ళే. స్కూలో, ఉద్యోగమో అయ్యాక రాత్రిళ్ళు కూర్చుని చేస్తారు. దొంగదారి వెతికే ముందు వాళ్ళను మర్యాదగా అడగండి. కాదంటే సరేననండి. అడిగితే పోయేదేమీ లేదు.

చివరగా...

మా వాడు తన ఆటలో మైన్ నది లాంటి నది ఒడ్డున తాతయ్య ఇల్లు పెట్టాడు. పక్కన ట్రామ్ స్టాపు కూడా! వీడియో కాల్‌లో వాళ్ళ నాయనమ్మకు చూపించాడు. అమ్మ కళ్ళజోడు తుడుచుకుని, చాలాసేపు మాట్లాడకుండా చూసింది. మాకందరికీ గొంతు పట్టేసింది.

అప్పుడు అంది: "బాగానే ఉంది గానీ, నుయ్యి అటు కాదురా, తూర్పు వైపు. ఫొటో తిరగేసి చూశారు మీరు."

నిజమే! పాత నెగెటివ్‌ను తిరగేసి కడిగించిన ఫొటో అది. మా మేనల్లుడు రెండో వెర్షన్ మొదలుపెట్టాడు. ఈసారి ఫైలును షాపుతో సంబంధం లేని చోట కూడా పెడతానన్నాడు. అమ్మ రోజూ వాడి పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, వంటింటి కిటికీ ఎక్కడో, తులసికోట ఎక్కడో చెబుతోందట.

ఇక వేడుకల్లో ఎవరైనా "మీ అబ్బాయి ఏం చేస్తున్నాడండీ?" అని అడిగితే నా జవాబు సిద్ధంగా ఉంది. ఇల్లు కడుతున్నాడు!