గెడ్డ ఒడ్డున గుడారం.. గండం!
మన్యంలో వారాంతపు విడిదికి చోటు ఎంపికే కీలకం

పాడేరు: శీతకాలం ప్రవేశించిందంటే మన్యానికి తాకిడి మొదలవుతుంది. శనివారం ఉదయం విశాఖపట్నంలో బయల్దేరిన వాహనాలు మధ్యాహ్నానికల్లా ఘాట్ రోడ్డు దాటి పాడేరు, చింతపల్లి, అరకు చేరుకుంటాయి. పదిమంది, ఇరవైమంది బృందంగా కొండలెక్కడం, రాత్రి లోయలో గుడారాలు వేసుకోవడం, ఆదివారం సాయంత్రం తిరుగుముఖం పట్టడం కొన్నేళ్లుగా పరిపాటి అయింది. తిండి, దుప్పట్లు, కెమెరాల విషయంలో చూపే శ్రద్ధ గుడారం ఎక్కడ వేయాలన్న దానిపై చూపేవారు తక్కువ. నీరు చేరువలో ఉంది, నేల చదునుగా ఉంది అని గెడ్డ పక్కన ఇసుక మేటను ఎంచుకుంటారు. లోయలో అంతకంటే చెడ్డ చోటు మరొకటి లేదు. కొండలపై పుట్టిన చలిగాలికైనా, కురిసిన వాననీటికైనా చివరి మజిలీ అదే.

చలి మడుగు కట్టేది అడుగునే

ఎత్తుకు వెళ్లేకొద్దీ కిలోమీటరుకు సగటున 6.5 డిగ్రీల సెల్సియస్ వంతున ఉష్ణోగ్రత తగ్గుతుంది. లంబసింగి సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉంది. డిసెంబరు, జనవరి మాసాల్లో విశాఖ తీరాన రాత్రి 17, 18 డిగ్రీలు ఉంటే, ఎత్తు లెక్కన లంబసింగిలో 11 డిగ్రీలు ఉండాలి. కానీ కొన్ని రోజుల్లో సున్నా దరిదాపులకు పడిపోతుంది. సముద్రం దూరం కావడం ఇందుకు కొంత కారణం. మిగిలినదంతా నిర్మలమైన ఆకాశం, లోయ ఆకారం కలిసి చేసే పని.

మబ్బులేని రాత్రి నేల తన పగటి వేడిని ఆకాశంలోకి వదిలేస్తుంది. నేలను అంటిపెట్టుకున్న గాలి చల్లబడి బరువెక్కుతుంది. ఆ గాలి నీటిలాగే పల్లానికి జారి లోయ అడుగున మడుగు కడుతుంది. దానిపై వెచ్చని గాలి పొర మూతలా నిలుస్తుంది. మూత కింద చిక్కుకున్న తేమ పొగమంచుగా మారుతుంది. సూర్యోదయ వేళ వంజంగి కొండపై నుంచి కనిపించే పాలసముద్రం వెనుక ఉన్నది ఈ ప్రక్రియే. పైనుంచి చూసేవారికి అది కనువిందు. దాని అడుగున గుడారం వేసుకున్నవారికి మాత్రం తడిసిన దుప్పటి. ఎండ ముదిరి నేల వేడెక్కగానే మూత చెదిరి మంచు కరిగిపోతుంది. తొమ్మిది దాటాక తాపీగా కొండెక్కి ఏమీ కనిపించలేదని నిట్టూర్చేవారు గమనించవలసిన సంగతి ఇది.

లంబసింగికి కొర్రబయలు అని మరో పేరుంది. ఆరుబయట ఉండిపోయినవాడు తెల్లవారేసరికి కర్రలా బిగుసుకుపోతాడని స్థానికులు దానికి అర్థం చెబుతారు. పెద్దలు హెచ్చరికనే ఊరిపేరుగా పెట్టారనుకోవాలి.

అందుచేత విడిదికి లోయ అడుగు వద్దు, గాలి కోసే శిఖరమూ వద్దు. వాలుపై కొంత ఎత్తున, చెట్ల చాటున ఉన్న చదును నేల మేలు. పైన ఎన్ని దుప్పట్లు కప్పుకొన్నా కింద నేల ఒంటి వేడిని లాగేస్తుంది గనుక ముందు కిందికి పరుపు చూసుకోవాలి. చెమటకు తడిసిన నూలు దుస్తులు మార్చుకోనిదే పడుకోరాదు. అన్నింటికంటే ప్రమాదకరమైనది చలికి తాళలేక నిప్పుల కుంపటిని గుడారంలోకి తెచ్చుకోవడం. రంగు, వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

గెడ్డ ముందుగా కబురు పంపదు

గుడారం వద్ద చినుకు పడకపోయినా, పైకొండల్లో గంటసేపు వాన కురిస్తే గెడ్డ నిమిషాల వ్యవధిలో పొంగుతుంది. పర్యాటకుల రాక మొదలయ్యే అక్టోబరు, నవంబరు నెలలు బంగాళాఖాతంలో తుపానుల కాలం కూడా. విశాఖను, మన్యాన్ని కుదిపేసిన హుద్‌హుద్ తీరం దాటింది 2014 అక్టోబరు 12నే. ఒడ్డున చెట్ల కొమ్మలకు, రాళ్ల సందులకు చిక్కుకున్న చెత్త గత వరద ఎంత ఎత్తుకు వచ్చిందో చెబుతుంది. గుడారం ఆ గుర్తుకు బాగా పైన ఉండాలి. తేట నీరు ఉన్నట్టుండి బురద రంగుకు మారినా, ఆకులు, పుల్లలు కొట్టుకొచ్చినా, హోరు పెరిగినా సామాను వదిలేసి వాలుపైకి ఎక్కాలి. గెడ్డ వెంబడి కిందికి పరుగెత్తరాదు.

నదిలో నీరు తక్కువగా ఉందన్న ధీమా ఎంత చేటు తెస్తుందో తెలుగువారికి వేరే చెప్పనక్కరలేదు. 2014 జూన్ 8న హిమాచల్‌ప్రదేశ్‌లో బియాస్ నదిలోని రాళ్లపైకి చేరిన హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది, ఎగువన లార్జి జలాశయం నుంచి వదిలిన నీటిలో కొట్టుకుపోయారు. డుంబ్రిగుడ మండలంలోని చాపరాయి వంటి చోట్ల నీరు లోతు లేకపోయినా, పాచిపట్టిన రాతిపలక కాలు నిలవనివ్వదు.

నడకకూ ఒక లెక్క ఉంది. చదును నేలపై గంటకు ఐదు కిలోమీటర్లు, ఎక్కే ప్రతి 600 మీటర్లకు అదనంగా గంట అన్నది పర్వతారోహకులు చాలాకాలంగా పాటిస్తున్న అంచనా. అది అలవాటున్న కాళ్లకు. బృందం వేగమంటే చిట్టచివర నడిచేవాని వేగమే కాబట్టి, దారి తెలిసినవారు ముందొకరు, వెనుకొకరు ఉండాలి. డిసెంబరులో ఇక్కడ ఐదున్నరకల్లా పొద్దు గుంకుతుంది. కొండనీడ పడే లోయలో ఇంకా ముందే చీకటి కమ్ముతుంది. నాలుగు గంటలకే విడిది చేరాలి.

ఫిబ్రవరి దాటాక గడ్డి ఎండి నిప్పురవ్వకే అంటుకుంటుంది. 2018 మార్చిలో తమిళనాడులోని కురంగణి కొండల్లో కార్చిచ్చుకు చిక్కి ఇరవైమందికి పైగా మరణించినవారు కూడా ఇలా వారాంతానికి బృందంగా వెళ్లినవారే. రిజర్వు అడవిలో రాత్రి బసకు అటవీశాఖ అనుమతి పొందాలి. దారిలోని కాఫీ తోటలు గిరిజన రైతుల జీవనాధారం. పర్యాటకులు వచ్చే నెలలే అక్కడ పండ్లు కోసే నెలలు. ఎర్రని పండు ముచ్చటగా ఉందని కొమ్మ విరిచేవారికి అది ఒకరి ఏడాది సంపాదన అని తోచకపోవడం విచారకరం. గెడ్డలో సబ్బునీరు, సీసాలు వదలడం అంతకంటే ఘోరం. దిగువ గూడేల వారు తాగేది ఆ నీరే.

తిరిగి వచ్చాక మరొక జాగ్రత్త అవసరం. పొదలు, గడ్డిలో ఉండే నల్లుల జాతి సూక్ష్మ పురుగులు కుడితే స్క్రబ్ టైఫస్ సోకవచ్చు. జ్వరం వెంటనే రాదు, కొన్ని రోజుల తర్వాత వస్తుంది. అప్పటికి ప్రయాణం సంగతి మరచిపోతారు. కుట్టిన చోట, ముఖ్యంగా చంకల్లో, నడుము వద్ద నల్లని చెక్కు కడుతుంది. సకాలంలో గుర్తిస్తే డాక్సీసైక్లిన్ వంటి మందులతో నయమవుతుంది, ఆలస్యమైతే ప్రాణాంతకం. మన్యంలో మలేరియా బెడద సరేసరి. కొండల నుంచి వచ్చిన మూడు వారాల్లోపు జ్వరం తగిలితే ఎక్కడ, ఏ తేదీన బస చేశారో వైద్యునికి చెప్పాలి.